తోటమాలికి బీమా: ముందు నెత్తిన పడేది, తర్వాత చేతిలోంచి పోయేది

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ తర్వాత మా దిక్కు చెరుకు బాగా తగ్గిపోయింది. నిజాంసాగర్ కాలువ కింద రుద్రూర్, వర్ని, కోటగిరి భూముల్లో ఇప్పుడు ఎటు చూసినా వరే. ఆ వరిని కోయడానికి మిషన్లు వచ్చాయి. చెరుకు కొట్టిన చేతులు, నాట్లు వేసిన చేతులు వేరే పని వెతుక్కున్నాయి. వాటిలో కొన్ని తోటపనికి మళ్లాయి. గల్ఫ్ పైసలతో కట్టిన ఇండ్ల ముందు లాన్‌లు, రైస్ మిల్లుల గేట్ల పక్కన పూలమొక్కలు, ఫంక్షన్ హాళ్ల చుట్టూ వరుస చెట్లు, నిజామాబాద్‌లో డాబాల మీద కుండీల తోటలు. వీటన్నిటికీ మనిషి కావాలి. దుబాయిలో, ఖతర్‌లో రోడ్ల పక్క తోటల్లో ఏండ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చినోళ్లకు ఈ పని కొత్త కాదు.

వాళ్లకు కొత్తగా ఉండేది ఒక్కటే. అక్కడ దెబ్బ తగిలితే చూసుకోవడానికి కంపెనీ అనేదొకటి ఉండేది. వలస అనుమతి అవసరమైన ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పోయేవాళ్లకు మన ప్రభుత్వమే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి చేసింది. రెండేండ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల ప్రమాద బీమా. ఇక్కడ గుత్త మాట్లాడేది మీరు, కూలీలను పిలిచేది మీరు, బండి తోలేది మీరు. కంపెనీ మీరే. బీమా గురించి అడిగేవాడు లేడు, గుర్తుచేసేవాడు లేడు.

ఈ పనిలోనే నా జుట్టు నెరిసింది. చెట్లు ఎక్కడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు పిల్లలకు పని చెప్పడం, గుత్తలు మాట్లాడిపెట్టడం, ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ల కాగితాలు పట్టుకొని బ్యాంకులు, ఆఫీసులు తిరగడం నా పని. ఆ తిరుగుళ్లలో నేర్చుకున్నవి ఇవి.

1. దేనికి బీమా అని అడిగేముందు, ఏ నష్టం నన్ను నిలువునా ముంచుతుంది అని అడగాలి

కొత్తగా పని పెట్టుకున్న పిల్లలు ముందుగా గడ్డి కోసే మిషన్‌కు బీమా ఉంటుందా అని అడుగుతారు. కొత్తది కొన్నారు, మెరుస్తోంది, దొంగ ఎత్తుకుపోతాడని భయం. ఆ భయం న్యాయమైనదే. కానీ మిషన్ పోతే ఒక సీజన్ కష్టపడి మళ్లీ కొనుక్కుంటారు. మీరు పిలిచిన కూలి కొబ్బరిచెట్టు మీది నుంచి పడితే? మీ బండి ఒక పిల్లవాడికి తగిలితే? ఆ లెక్క తీర్చడానికి ఉన్న రెండెకరాలూ అమ్మాలి. అమ్మినా చాలకపోవచ్చు.

అందుకే నా వరుస ఎప్పుడూ ఇదే. నెత్తిన పడేదానికి ముందు బీమా, చేతిలోంచి పోయేదానికి తర్వాత. ఏజెంట్లు ఈ వరుసను తరచు తిరగేస్తారు. అమ్మడానికి సులువైనది ముందు చూపిస్తారు. మీ వరుస మీ దగ్గర ఉండాలి.

2. మీతో వచ్చిన కూలి బాధ్యత మీదే

దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను. మా వాళ్లకు అన్నిటికన్నా తక్కువ తెలిసింది, తెలియకపోతే అన్నిటికన్నా ఎక్కువ కొట్టేది ఇదే.

పొద్దున అడ్డా మీద ఇద్దరిని పిలుచుకుంటాం. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కాబట్టి ధర్మాబాద్, బిలోలి దిక్కు నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. పేరు కూడా సరిగ్గా తెలియదు. సాయంత్రం కైకిలి ఇచ్చి పంపుతాం. ఒక్కరోజు మనిషే కదా, నాకేం సంబంధం అనుకుంటాం. చట్టం అట్లా అనుకోదు. ఉద్యోగుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది. తాత్కాలిక కూలీల్లో కొందరికి వర్తించదన్న పాత మాటను 2000లో చేసిన సవరణ తీసేసింది. తోటపనులు, పురుగుమందు చల్లే పని ఆ చట్టం రెండో షెడ్యూలు జాబితాలో ఉండేవి. 2025 నవంబర్ 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చాక ఈ చట్టం విషయమంతా అందులోకి చేరింది. పేరు మారింది గానీ మూలసూత్రం మారలేదు. పని చేస్తుండగా, పని వల్ల దెబ్బ తగిలితే పని ఇచ్చినవాడు కట్టాలి. తప్పు ఎవరిది అన్నది చాలావరకు రెండో మాట.

ఎంత కట్టాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. మనిషి చనిపోతే నెల కూలిలో సగాన్ని వయసును బట్టి ఇచ్చిన అంకెతో గుణిస్తారు. 40 ఏండ్ల మనిషికి ఆ అంకె 184.17. రోజుకు 500 చొప్పున 26 రోజులకు 13,000 అనుకోండి. సగం 6,500. గుణిస్తే 11,97,105 రూపాయలు. 25 ఏండ్ల పిల్లవాడైతే అంకె 216.91 కాబట్టి 14 లక్షలు దాటుతుంది. ఇంకొక మాట చాలామందికి తెలియదు. మనిషి బతికి, ఇక జన్మలో పనిచేయలేని స్థితికి వస్తే లెక్క సగం మీద కాదు, నూటికి 60 మీద. అదే 40 ఏండ్ల మనిషికి 14,36,526 అవుతుంది. నడుము విరిగి మంచం పట్టినవాడి ఇంటికి ఖర్చు ఎక్కువ. కాబట్టి ఆ లెక్క ధర్మమైనదే అంటాను. నెల కూలి ఎంత ఎక్కువున్నా లెక్కలోకి తీసుకునే గరిష్ఠం 15,000 అని 2020 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. అంతకుముందు అది 8,000 మాత్రమే.

నెలలోపు కట్టకపోతే పాత చట్టం ప్రకారం నూటికి 12 చొప్పున వడ్డీ, కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా జరిమానా. బీమా ఉంటే అసలూ వడ్డీ కంపెనీ మీద పడతాయి. జరిమానా మాత్రం మీ జేబులోంచే. అందుకే ఆలస్యం చేయొద్దు.

దీనికి ఉన్న పాలసీని ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ అంటారు. పాతవాళ్లు ఇప్పటికీ వర్క్‌మెన్ పాలసీ అనే అంటారు. ప్రీమియం ఏడాదికి మీరు ఇచ్చే మొత్తం కైకిలి మీద ఉంటుంది. ఇక్కడే కక్కుర్తి పడతారు. ఐదుగురిని పెట్టుకొని ఇద్దరిని చూపిస్తారు. దెబ్బ తగిలేది ఆ చూపించని మూడోవాడికే అయితే పాలసీ ఉండీ లేనట్టే. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. తేదీ, పేరు, ఊరు, చేసిన పని, ఇచ్చిన కైకిలి. ఫోన్‌పేలో ఇస్తే ఇంకా మంచిది, రుజువు దానంతటదే ఉంటుంది. పాలసీ తీసుకునేటప్పుడు మూడు అడగండి. దవాఖాన ఖర్చు కలిసి ఉందా, లేక దానికి వేరే కట్టాలా? నేను వేరే మేస్త్రీకి ఉపగుత్త ఇస్తే అతని మనుషులు దీని కిందికి వస్తారా? చెట్లు ఎక్కే పని, మందు కొట్టే పని రాశారా? మూడింటికీ జవాబు కాగితం మీద ఉండాలి.

3. మీ ఒళ్లే మీ మొదటి పనిముట్టు

రైతుబీమా ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. మంచి పథకమే. 2018 ఆగస్టు 15న మొదలైంది. గుంట భూమి పట్టా ఉన్నా, 18 నుంచి 59 ఏండ్ల మధ్య ఉంటే, రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వం కడుతుంది. మా ఊళ్లల్లో ఎన్నో ఇండ్లను అది నిలబెట్టింది. కానీ అది చావుకు మాత్రమే. కాలు విరిగితే రాదు, కన్ను పోతే రాదు. భూమి లేనివాడికీ, కౌలుకు చేసేవాడికీ రాదు. తోటమాలికి ఎక్కువగా జరిగేది చావు కాదు, మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టే దెబ్బ.

అందుకే రెండు మెట్లు చెప్తాను. మొదటి మెట్టు, బ్యాంకులో ఖాతా ఉన్న ప్రతి మనిషీ ఈరోజే చేయగలిగింది: ప్రధానమంత్రి సురక్ష బీమా. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏండ్ల దాకా. ప్రమాదంలో చనిపోయినా, రెండు కండ్లో రెండు చేతులో కాళ్లో పోయినా 2 లక్షలు. ఒక కన్నో ఒక చెయ్యో కాలో పోతే లక్ష. జూన్ 1 నుంచి మే 31 దాకా దాని ఏడాది. మే నెలాఖరులో ఖాతాలో పైసలు లేకపోతే కోత పడదు, బీమా ఆగిపోతుంది. దాని పక్కనే 436 రూపాయల జీవనజ్యోతి బీమా ఉంది. ఏ చావుకైనా 2 లక్షలు, కానీ 50 దాటినవాళ్లను కొత్తగా చేర్చుకోరు. ఆలోచించకుండా చేయించండి. మీవే కాదు, మీతో రోజూ వచ్చే కూలీలవి కూడా చేయించండి.

ఈ 20 రూపాయల బీమాలో తోటవాళ్లకు పనికొచ్చే నిబంధన ఒకటుంది. రోడ్డు ప్రమాదానికి పోలీసు కాగితం కావాలి గానీ, పాముకాటు, చెట్టు మీది నుంచి పడటం లాంటివాటికి వెంటనే చేరిన దవాఖాన రికార్డు చాలు. వెంటనే అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. పాము కరిస్తే మంత్రం వేసే మనిషి దగ్గరికి తీసుకుపోయే అలవాటు మా పల్లెల్లో ఇంకా పోలేదు. అక్కడ కాగితం పుట్టదు, ప్రాణమూ నిలవదు. నేరుగా బోధన్ సర్కారు దవాఖానకు పోవాలి. పుస్తకంలో పాముకాటు అని రాశారా లేదా చూసుకోవాలి.

రెండో మెట్టు, కంపెనీ దగ్గర కొనే వ్యక్తిగత ప్రమాద బీమా. ఇందులో చావుకు మాత్రమే ఇచ్చేవి, శాశ్వత వైకల్యం కలిపినవి, తాత్కాలికంగా పని ఆగితే వారానికి ఇంత అని ఇచ్చేవి ఉంటాయి. మనకు కావలసింది మూడోది. మామూలుగా బీమా మొత్తంలో నూటికి ఒకటి చొప్పున వారానికి ఇస్తారు, దానికొక గరిష్ఠం పెడతారు. చేయి కట్టు కట్టించుకొని కూర్చున్న రోజుల్లో ఇంటికి బియ్యం తెచ్చేది ఆ వారం పైసలే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. దానివల్ల ఆపరేషన్ ఖర్చు గట్టెక్కవచ్చు. పోయిన కైకిలిని మాత్రం ఆరోగ్యశ్రీ ఇవ్వదు.

4. మీరు చేసే పని ఉన్నదున్నట్టు రాయించండి

ఫారంలో వృత్తి అన్న చోట ఏజెంటు వ్యాపారం అనో సూపర్‌వైజర్ అనో రాస్తాడు. ప్రీమియం కొంచెం తగ్గుతుంది. ప్రమాద బీమాలో పనిని బట్టి తరగతులు ఉంటాయి. కూర్చొని చేసే పనికి ఒకటి, ఒళ్లు వంచి చేసే పనికి ఇంకొకటి. చెట్టు మీది నుంచి పడ్డ మనిషి కాగితంలో సూపర్‌వైజర్ అని ఉంటే కంపెనీ మొదటి ప్రశ్న, సూపర్‌వైజర్ చెట్టు మీద ఏం చేస్తున్నాడు అని. తోటమాలి, చెట్లు ఎక్కుతాడు, మందు పిచికారీ చేస్తాడు, మిషన్లు వాడతాడు అని రాయించండి. షుగర్, బీపీ ఉంటే అవీ. సంతకం పెట్టేముందు ఫారం నింపి ఉండాలి. ఖాళీ ఫారం మీద సంతకం ఎవరికీ చేయొద్దు, సొంత బావమరిది ఏజెంటైనా సరే.

5. బండి కాగితం: మనుషులు ఎక్కడ కూర్చున్నారో అది చూస్తుంది

థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా. ఆ జరిమానా చిన్నది. బీమా లేని బండి మనిషికి తగిలితే పడే తీర్పు పెద్దది.

మన పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు వేరు. ఆటో ట్రాలీలో వెనక మొక్కలు, ఎరువు బస్తాలు, వాటి మీద నలుగురు కూలీలు. దారిలో లిఫ్ట్ అడిగిన ఇద్దరు. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుల బాధ్యత బీమా కంపెనీది కాదని సుప్రీంకోర్టు 2002 డిసెంబర్‌లో ఆశారాణి కేసులో తేల్చింది. ఆ తీర్పును ఇప్పటికీ కోర్టుల్లో ఎత్తి చూపుతారు. అంటే లిఫ్ట్ ఇచ్చిన మంచితనానికి పరిహారం మీ ఇంట్లోంచి పోతుంది. సరుకు యజమాని, మీ సొంత కూలి పరిస్థితి కొంత వేరు. పాలసీలో కూలీలకు విడిగా కట్టారా, ఎంతమందికి కట్టారు అన్నది చూసుకోవాలి.

ట్రాక్టర్ ఉన్నవాళ్లకు ఇంకొక మాట. వ్యవసాయానికి అని రిజిస్ట్రేషన్, వ్యవసాయానికి అని బీమా చేయించి, కిరాయికి ఎర్రమట్టి, లాన్ గడ్డి తోలితే, ప్రమాదం రోజు కంపెనీ ముందు అదే పట్టుకుంటుంది. ట్రాలీకి కూడా విడిగా కాగితం ఉండాలి. రుద్రూర్ నుంచి బోధన్ దాకా కాలువ కట్ట మీద చీకట్లో పోయే ట్రాలీలను చూసినప్పుడల్లా నాకు ఈ ఆలోచనే. వెనక రిఫ్లెక్టర్ స్టిక్కరు కూడా ఉండదు.

6. పక్కింటి కారు అద్దం

గడ్డి మిషన్ తీగ గులకరాయిని ఎగరేస్తుంది. అది కారు అద్దానికి తగలొచ్చు, కంటికి తగలొచ్చు. కొట్టిన కొమ్మ ప్రహరీ మీద పడొచ్చు. మీరు చల్లిన మందు పక్కింటి చేపల తొట్టిలోకి పోవచ్చు. ఇట్లా మూడో మనిషికి జరిగే నష్టానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉంటుంది. 1991లో వచ్చిన పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టం దీనికి సంబంధించింది కాదు. అది భోపాల్ విషవాయువు తర్వాత ప్రమాదకర రసాయనాల ఫ్యాక్టరీల కోసం తెచ్చింది. పేరు ఒకటే కావడంతో ఏజెంట్లు కూడా తికమక పడతారు. పారిశ్రామికం కానిది, తోటపనికి అని స్పష్టంగా అడగండి.

ఈ పాలసీలో రెండు అంకెలు ఉంటాయి. ఒక ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత. రెండూ చదవాలి. ప్రతి క్లెయిములో మొదటి ఇంత మీరే భరించాలి అనే షరతు కూడా ఉంటుంది. ఇక మీరు పని చేస్తున్న వస్తువుకే జరిగిన నష్టం మామూలుగా దీని కిందికి రాదు. తప్పు మందు కొట్టి సేటు గారి లాన్ ఎండబెడితే అది మీ పనితనం లోపం, బీమా ప్రమాదం కాదు అంటారు. కొమ్మ పడి పక్కింటి రేకులు పగిలితే ప్రమాదం. ఈ తేడా తెలియక కొన్నవాళ్లు తర్వాత కోపగించుకోవడం చూశాను.

ఒక్క ఇంటి పని చేసుకునేవాడికి ఈ పాలసీ ముందే కావాలని చెప్పను. కాలేజీ, అపార్ట్‌మెంట్, ఫంక్షన్ హాల్ లాంటి మనుషులు తిరిగే చోట గుత్త పట్టినప్పుడు తప్పక కావాలి.

7. చట్టం దాటిన పనిని ఏ పాలసీ మోయదు

గడ్డి మందు గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022 అక్టోబర్‌లో ఆంక్ష పెట్టింది. ఇంటి వాకిట్లో దాన్ని చల్లి ఎవరికైనా హాని జరిగితే క్లెయిము తిప్పికొట్టే తాళంచెవి కంపెనీకి మీరే ఇచ్చినట్టు. పెద్ద చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. ఇంటాయన చెప్పాడు కదా అని గొడ్డలి ఎత్తొద్దు. కరెంటు తీగల పక్క కొమ్మలు కొట్టేముందు లైన్‌మన్‌తో మాట్లాడి, కరెంటు ఆపించే ఎల్‌సీ తీసుకోవాలి. ఇనుప గెడ 11 కేవీ తీగకు తగిలితే ఇక పరిహారాల మాటే. ప్రాణం మాట లేదు.

కల్లుగీసే అన్నల కోసం ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నడుముకు పట్టీ, తాడు. తోటమాలికి ఎవరూ ఇవ్వరు. కొనుక్కోండి. కొబ్బరిచెట్లు ఎక్కడమే పనిగా ఉన్నవాళ్లు కొబ్బరి అభివృద్ధి మండలి వారి కేర సురక్ష బీమా గురించి అడగాలి. ప్రీమియంలో భాగం మండలి భరిస్తుంది.

8. షెడ్డు, మోటరు, పనిముట్లు

ఇప్పుడు చేతిలోంచి పోయేవి. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ అన్ని కంపెనీల్లో ఒకే షరతులతో దొరుకుతోంది. మంట, పిడుగు, గాలివాన, వరద దాని కిందికి వస్తాయి. దొంగతనం మాత్రం అలాంటి ఘటన జరిగిన వారంలోపు జరిగితేనే. మామూలు దొంగతనానికి వేరే పాలసీ కొనాలి.

విలువ తగ్గించి రాయించొద్దు. 4 లక్షల సరుకును 2 లక్షలకు రాయిస్తే, లక్ష నష్టం జరిగినప్పుడు లక్ష రాదు, సగమే వస్తుంది. ఈ పాలసీలో నూటికి 15 లోపు తేడాను వదిలేస్తారు, అంతకు మించితే కోత. ఇక నర్సరీ మొక్కలు, షేడ్‌నెట్: ఇవి పాలసీలో ఉన్నాయా లేవా అని రాతలో అడగండి. నోటిమాట నమ్మొద్దు. మార్చి వడగండ్లకు మొక్కల కవర్లు చిల్లులు పడ్డాక అడిగితే లాభం లేదు.

9. పంచాయితీలో సంతకం పెట్టేముందు ఫోన్ చేయండి

మా ఊళ్లల్లో ప్రమాదం జరిగిన సాయంత్రానికే పెద్దమనుషులు కూర్చుంటారు. అందులో మంచి ఉంది. దెబ్బ తిన్న కుటుంబం కోర్టు చుట్టూ తిరగకుండా ఆ రాత్రికి చేతిలో కొంత పడుతుంది. నేనూ ఎన్నో పంచాయితీల్లో కూర్చున్నాను. దవాఖాన ఖర్చు, అంత్యక్రియల ఖర్చు, ఇంటికి బియ్యం, ఇవి ఇవ్వడంలో ఆలస్యం చేసినవాడు మనిషి కాడు.

అయితే అక్కడ తెల్లకాగితం మీద, తప్పంతా నాదే, ఇన్ని లక్షలు కట్టుకుంటాను అని రాసి సంతకం పెట్టిస్తారు. దాదాపు ప్రతి లయబిలిటీ పాలసీలో ఒక షరతు ఉంటుంది. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోవద్దు, రాజీ పడొద్దు అని. ఆ కాగితం చూపించి క్లెయిము తిప్పికొట్టే అవకాశం ఉంటుంది. అప్పుడు మీరు రాసిచ్చిన లక్షలు మీరే కట్టాలి. కట్టలేకపోతే దెబ్బ తిన్న కుటుంబమే మళ్లీ నష్టపోతుంది. రెండు ఇండ్లు మునుగుతాయి.

కాబట్టి చేయవలసింది ఇది. ముందు మనిషిని దవాఖానకు చేర్చండి. ఆ రోజే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకోండి. చోటు కదల్చకుండా ఫోటోలు తీయండి. పంచాయితీలో పెద్దలకు మర్యాదగా చెప్పండి: మానవత్వంతో ఖర్చులకు ఇంత ఇస్తున్నాను, పరిహారం సంగతి బీమా ఉంది, కంపెనీ మనిషి వచ్చాక మాట్లాడుదాం. ఇచ్చిన పైసలకు రసీదు మీద సాయం కింద అని రాయించుకోండి. పెద్దమనుషులకు ఈ షరతు సంగతి ముందే తెలిసి ఉంటే వాళ్లే మీ పక్షాన నిలబడతారు. అందుకే ప్రమాదాలు లేని రోజుల్లోనే, చావడి దగ్గర కూర్చున్నప్పుడు ఈ మాట ఎత్తుతుంటాను.

10. బీమా ఖర్చును గుత్తలోనే కలపండి

మొక్కలు, ఎరువు, కైకిలి రాసిన చీటీలో బీమా అని ఒక వరుస రాయండి. రైస్ మిల్లు సేటు అది చూసి బేరం ఆడడు. ఆయన మిల్లుకు ఆయన బీమా కడుతూనే ఉంటాడు, దాని విలువ తెలుసు. వ్యాపార పాలసీల మీద నూటికి 18 జీఎస్టీ ఉందని మరవొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను పోయింది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. తోటల నిర్వహణ సేవల కిందికి వస్తుంది. చేయించుకుంటే మీరు సూక్ష్మ వ్యాపారి అని చూపించే కాగితం అవుతుంది. దాని అవసరం చివరి పాఠంలో చెప్తాను.

నా కమిషన్‌లో కొంత నీకు తిరిగి ఇస్తా అనే ఏజెంటు దగ్గర కొనొద్దు. అలా ఇవ్వడం బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం నేరం. ప్రీమియం కంపెనీకి చేరకుండా బీమా మొదలు కాదు. ఏజెంటు జేబులో ఉన్న మీ పైసలకు విలువ లేదు. కంపెనీ ఖాతాకే కట్టండి, రసీదు అదే రోజు తీసుకోండి. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ అనే నాలుగు ప్రభుత్వ కంపెనీలను, ప్రైవేటు వాటిని, అన్నిటినీ ఒకే ప్రశ్నల చీటీతో అడగండి. తక్కువ ధర కన్నా మీ పని పేరు స్పష్టంగా రాసిన పాలసీ మంచిది.

11. కాదన్నారని ఇంటికి రావొద్దు

క్లెయిము తిప్పికొడితే మా వాళ్లు తలవంచుకొని వస్తారు. అక్కడితో దారి ఆగిపోలేదు. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయాలి. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. తెలంగాణ అంతా ఆ ఆఫీసు కిందే. కంపెనీ కాదన్న ఏడాదిలోపు పెట్టాలి. 50 లక్షల దాకా వింటారు. సొంతంగా వ్యాపారం చేసుకునేవాళ్ల పాలసీలు, సూక్ష్మ వ్యాపారుల పాలసీలు కూడా వాళ్ల పరిధిలో ఉన్నాయి. ఉద్యమ్ కాగితం పనికొచ్చేది ఇక్కడే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. పాలసీ నకలు, కూలీల పుస్తకం, దవాఖాన కాగితం, కంపెనీ తిప్పికొట్టిన ఉత్తరం జతచేసి, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. అంబుడ్స్‌మన్ ఇచ్చిన తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. మీకు అది నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు పోయే హక్కు అలాగే ఉంటుంది. ఉత్తరం ఎట్లా రాయాలో తెలియకపోతే రుద్రూర్‌లో నా దగ్గరికి రండి. కాగితాలు మాత్రం అన్నీ తెచ్చుకోండి.